పడుగు కాపలా కుక్క

మా కుక్క ఒకసారి చిరుతపులిని తరిమింది. తిరుత్తణి కొండ వెనక నుంచి దిగి మా వీధి మొదట్లో నిలబడిన పులిని, ఒక్క దూకులో అందుకుని రైలు పట్టాల దాకా తరుముకుపోయింది. ఈ కథ నేను మంగలి షాపులో చెప్పాను, రేషన్ క్యూలో చెప్పాను, పొన్నేరిలో వియ్యంకుడి ఇంట్లో భోజనాల దగ్గర కూడా చెప్పాను. చెప్పిన ప్రతిసారీ పులి జానెడు పెరిగింది.

అసలు అది పులి కాదు, పునుగుపిల్లి. మా కుక్క దాన్ని తరమలేదు, మొరిగింది. మొరిగింది కూడా మా అరుగు మీద నుంచే, నా కాళ్ళ మధ్య నిలబడి.

ఇలాంటి కథల వల్ల ఎవరికీ నష్టం లేదని చాలా ఏళ్ళు నమ్మాను. ఆ కుక్కకు సూది వేయించి చంపాలా, లేక ఎలాగైనా దాని గుణం మాన్పించాలా అని ఇంట్లో కూర్చుని మాట్లాడుకునే రోజు వచ్చినప్పుడు, మొట్టమొదటి సాక్షిగా ఆ పులే వచ్చి కూర్చుంది.

మాది నేతగాళ్ళ వీధి. ఇప్పుడు చివరి ఇంట్లో రెండు కరెంటు మగ్గాలు తప్ప ఇంకేమీ లేవు. నా మగ్గం మూడేళ్ళ కిందట విప్పేశాం. మోకాళ్ళు గుంతలోకి దిగనివ్వలేదు, నూలు ఇచ్చే షావుకారు కూడా ఇక చాలన్నాడు. మగ్గం కర్రలు అటకెక్కాయి, కాళ్ళు పెట్టుకునే గుంత మాత్రం ముందు గదిలో అలాగే ఉంది. నా కొడుకు తిరువళ్ళూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాడు. పొద్దున రైలెక్కి పోతాడు, సాయంత్రం వస్తాడు. కోడలు ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. కూతుర్ని పొన్నేరిలో ఇచ్చాం. దానికి ఒక ఆడపిల్ల, ఏడేళ్ళది. నా భార్య పోయాక ఈ ఇంట్లో ఉండేది మేం ముగ్గురం, కుక్క.

కుక్క రాజపాళయం జాతిదని అందరికీ చెప్పాను. బస్టాండు వెనక పుట్టింది. ఎర్రటి ఒళ్ళు, ముక్కు మీద గంజి చిందినట్టు తెల్లమచ్చ.

దానికి నేను నేర్పిన విద్య గురించి చెప్పాలంటే మా పని గురించి నాలుగు మాటలు చెప్పాలి. చీర నేయడానికి ముందు నిలువు దారాలన్నిటినీ వీధిలో పొడుగ్గా చాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. ఆ నిలువు దారాలనే పడుగు అంటాం. పొద్దు పొడిచేటప్పుడు చాస్తే ఎండ ముదిరేలోపు పని అయిపోవాలి. వేల దారాలు, ఎవరి కాలో తగిలి పది తెగాయంటే ఒక్కొక్కటీ వెతికి ముడేసేసరికి కళ్ళు పోతాయి. మా నాయన కాలంలో ఆ కాసేపూ వీధి మాది. ఎంత పెద్దమనిషైనా పడుగు దాటేవాడు కాదు, చుట్టు తిరిగి పోయేవాడు. నా చివరి ఏళ్ళకు వీధిలో పడుగు చాచేవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. పాలబండి వాడికీ, స్కూలు వ్యానుకూ, సెల్‌ఫోను చూసుకుంటూ నడిచేవాళ్ళకూ నా పడుగు అడ్డం. కొందరు వంగి కింద నుంచి దూరేవాళ్ళు, కొందరు కాలెత్తి దాటేవాళ్ళు. అరిస్తే నవ్వేవాళ్ళు.

కుక్కపిల్లకు ఆరు నెలలున్నప్పుడు ఒకాయన పంచె పైకెత్తి పడుగు దాటబోతే, అది ఆటగా దూకి ఆ పంచె పట్టుకుంది. వీధంతా నవ్వింది. ఈసారి నా వైపు నిలబడి నవ్వింది. నేను కుక్కపిల్లకు బన్ను ముక్క వేశాను.

అంతటితో ఆపి ఉంటే ఈ రాత లేదు. మర్నాటి నుంచి గదిలో ఒక దారం చాచి నేనే దాటేవాణ్ణి. అది దూకి పట్టుకుంటే బన్ను. పట్టుకోకపోతే ఏమీ లేదు. దారం చేతిలోంచి వదిలేస్తే ఆట అయిపోయినట్టు. వెంటనే పట్టు వదిలి వచ్చి నా కాలి దగ్గర కూర్చుని నా చెయ్యి వైపు చూసేది. మూడు వారాల్లో నా పంచెల అంచులన్నీ పీలికలయ్యాయి, దానికి విద్య వచ్చేసింది. ఆ తర్వాత నాలుగేళ్ళు ఒక్క కాలు నా పడుగు దాటలేదు. నూలు ఎంత సన్నమో చెప్పే నంబరు కూడా మా కుక్కకు తెలుసునని చెప్పుకున్నాను.

మగ్గం విప్పిన ఏడాది నాకు వృద్ధాప్య పింఛను వచ్చింది. కుక్కకు మాత్రం దాని పని పోయిందని ఎవరూ చెప్పలేదు.

మొదట కరిచింది కేబుల్ వేసేవాణ్ణి. వీధికి అడ్డంగా నడుము ఎత్తున వైరు లాగి, దాని కింద నుంచి దూరాడు. పిక్క పట్టుకుంది. వాడు తాగి వచ్చాడనీ, కుక్కను తన్నాడనీ చెప్పాను. రెండోది, కొండ మీద ఆడి కృత్తిక తిరునాళ్ళకు వచ్చే జనాన్ని ఆపడానికి వీధి చివర తాడు కట్టినప్పుడు, ఆ తాడు కింద నుంచి వంగి వచ్చిన ఒక భక్తుడు. ఆయన చేతిలో కర్ర ఉందని చెప్పాను. ఆయన చేతిలో ఉన్నది కొబ్బరికాయ. మూడోది ఎదురింటి ఆమె. బట్టలు ఆరేసే ప్లాస్టిక్ తాడు మా కిటికీకి కట్టి అటు నుంచి ఇటు దాటింది; చీర చిరిగింది, చెయ్యి గీరుకుంది. ఆమె ఎప్పుడూ మా కుక్కను తిట్టేదనీ, కుక్కలు మనసులో పెట్టుకుంటాయనీ చెప్పాను.

“ఊరికే ఎట్లా కరుస్తుంది నాయనా?” అని కొడుకు అడిగాడు.

“కుక్కలకు మనిషి గుణం తెలుస్తుందిరా,” అన్నాను.

మూడుసార్లూ కారణం నాకు తెలుసు. మొదటిసారే తెలుసు. చెబితే, చేసింది నేనని చెప్పినట్టు. ఈసారి చెబుదాం, ఈసారి చెబుదాం అనుకునేలోపు ఎండాకాలం సెలవులు వచ్చాయి, మనవరాలు వచ్చింది.

ముందు గదిలో ఆడుకుంటోంది. ఒక తాడు కొస కిటికీ కమ్మీకి కట్టి, రెండో కొస తెచ్చి నా చేతికిచ్చింది. “పట్టుకో తాతా. నేను కాలు తగలకుండా ఎగిరి దాటాల. తగిలితే నువ్వు గెలిచినట్టు.”

కుక్క మగ్గం గుంతలో చల్లగా పడుకుని ఉంది. తాడు చూస్తే అది లేస్తుందని నాకు ఆ క్షణమే తోచింది. అది నిద్రలో ఉంది కదా, ఈ బిడ్డను పసితనం నుంచీ ఎరిగినదే కదా అని సర్దుకున్నానని తర్వాత చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. అదీ నిజం కాదు. పట్టుకోను అంటే ఎందుకని అడుగుతుంది. ఆ పిల్ల అడగడం మొదలుపెడితే వదలదు. చెప్పాల్సి వస్తుంది. అందుకని పట్టుకున్నాను.

రెండోసారి ఎగిరినప్పుడు కుక్క గుంతలోంచి వచ్చింది. పిక్కలో పళ్ళు దిగాయి. బిడ్డ అరుపుకు నా చేతిలో తాడు జారిపోయింది. తాడు నేలను తాకిందో లేదో, కుక్క వదిలేసింది. వచ్చి నా కాలి దగ్గర కూర్చుని నా చెయ్యి వైపు చూసింది.

బన్ను కోసం.

ఆసుపత్రిలో నేను రెండు చేతులతో దాని దవడలు విప్పి బిడ్డను లాగానని చెప్పాను. కిటికీ కమ్మీకి గీరుకున్న వేలు చూపించాను. బిడ్డకు కుట్లు పడ్డాయి, వరసగా సూదులు రాసిచ్చారు. కూతురు పొన్నేరి నుంచి వచ్చి, కట్టు కట్టిన నా వేలు పట్టుకుని, “నువ్వు లేకపోతే నా బిడ్డ ఏమైపోయుండేదో నాయనా,” అని ఏడ్చింది. నేను వేలు వెనక్కి తీసుకోలేదు.

తిరువళ్ళూరులో ఒక పశువుల డాక్టరమ్మ ఉంది. కొడుకు ఫోన్ చేస్తే ఆమె చెప్పింది: టీకాలు వేసిన కుక్కే అయినా పది రోజులు కట్టేసి కనిపెట్టి చూడాలి. పది రోజుల్లో అది చావకపోతే పిచ్చి లేనట్టు. ఆ తర్వాత రెండు దారులు. ఒకటి, దాని ప్రవర్తన మార్చడానికి చికిత్స, శిక్షణ. రెండోది సూది. ఏ దారి అనేది తేల్చాలంటే అది కరిచిన ప్రతిసారీ అంతకు ముందు ఏం జరిగింది, ఎవరున్నారు, ఎలా వదిలింది, అన్నీ రాసుకుని రావాలి. దాని కోసం ఒక కాగితం ఫోనుకు పంపింది.

అంటే చంపవచ్చా లేదా అని తేల్చడానికి అది ముందు పది రోజులు బతికి చూపించాలి.

దాన్ని మగ్గం ఉండిన ముందు గదిలో పెట్టాం. వీధి వైపు గ్రిల్ గేటు, ఇంటి వైపు తలుపు, రెండూ మూసేశాం. ఒంటరిగా పెడితే గోల చేస్తుందని చెప్పి నేనూ లోపలే ఉండిపోయాను. అది గోల చేయలేదు. నాకు బయట ఎవరి ముఖమూ చూడబుద్ధి కాలేదు. కోడలు తలుపు కాస్త తీసి పళ్ళెం లోపలికి జరిపేది, నాదొకటి, దానిదొకటి. చాప గుంత పక్కనే వేసుకున్నాను. ఆ గదిలో నలభై ఏళ్ళు పని చేశాను, ఎప్పుడూ ఇరుకనిపించలేదు. ఇప్పుడు నాలుగు అడుగులు వేస్తే గోడ, తిరిగి నాలుగు వేస్తే కుక్క.

గ్రిల్ బయట జనం వచ్చి చూసిపోయేవాళ్ళు. ఎదురింటి ఆమె రోజుకు రెండుసార్లు వచ్చేది.

“పులినే తరిమిందే అన్నా ఇది. బిడ్డ ఎంత దానికి?”

“పులి కాదమ్మా. పునుగుపిల్లి. తరమను కూడా లేదు.”

“ఇప్పుడు కుక్కను కాపాడుకునేదానికి పులిని పిల్లిని చేస్తావా?” అని పక్కనున్నావిడ వైపు తిరిగింది. “చూసినావా, ఎంత ఆశో దాని మింద.”

కేబుల్ వాణ్ణి ఎముక కనబడేలా కరిచిందనీ, భక్తుడు ఆసుపత్రిలో వారం పడుకున్నాడనీ కూడా ఆమె చెప్పింది. అవన్నీ నేను ఆమెకు చెప్పినవే. కేబుల్ వాడు మర్నాడే స్తంభం ఎక్కాడు. ఆ సంగతి ఇప్పుడు చెబితే నమ్మేవాళ్ళు లేరు. నేను కట్టిన గొప్పలన్నీ గ్రిల్‌కు అవతల నిలబడి ఉన్నాయి, నేను ఇవతల.

నాలుగో రోజు కూతురు ఫోన్ చేస్తే కొడుకు తలుపు దగ్గర నిలబడి స్పీకరు పెట్టాడు.

“అది బతికుండంగా నా బిడ్డ ఆ గడప తొక్కదు అన్నా. నాయనకు చెప్పు. ఆయన చేతులు పెట్టి విప్పకపోయుంటే కాలు ఉండేదా?”

కొడుకు ఫోన్ ఆపాడు. “నాకు మాత్రం చంపాలని ఉందా నాయనా? నేను రైలు దిగి వస్తే స్టేషను మలుపు దాకా ఎదురొస్తుంది. కానీ ఏ కారణమూ లేకుండా కరిచేదాన్ని ఏమని బాగు చేస్తారు? కారణం అంటూ ఉంటే సరి.”

చెప్పడానికి అంతకంటే మంచి వేళ ఇంకోటి రాదు. నోరు తెరిచాను. “నీళ్ళు అయిపోయినాయి, చెంబు ఇయ్యి,” అన్నాను.

కోడలిది ఇంకో రకం బాధ. ఆమె ఎక్కువ మాట్లాడదు, కానీ కొలతలు తీసే చెయ్యి కదా, చూపు ఊరికే పోదు. పళ్ళెం జరుపుతూ అడిగింది: “నేను టేపు చాచినప్పుడంతా ఇది లేచి నిలబడి చూస్తుంది మామా. ఎందుకట్ల?”

“పాము అనుకుంటుందేమో.”

“టేపునా?” అంది. నా వైపు ఇంకాసేపు చూసి తలుపు వేసుకుంది.

ఆరో రోజు కొడుకు ఆ కాగితం ప్రింటు తీసుకొచ్చి, “ప్రతిసారీ నువ్వే కదా నాయనా దగ్గరున్నావు. నువ్వే రాయి,” అని పెన్ను ఇచ్చాడు. ఆ రోజంతా రాశాను. దాచకుండా రాశాను. బన్ను, దారం, వైరు, కృత్తిక తాడు, బట్టల తాడు, మనవరాలి తాడు, నా చెయ్యి, అన్నీ. చోటు చాలక వెనక వైపు కూడా నింపాను. రాశాక గుండె తేలికపడింది, చాలా రోజుల తర్వాత అన్నం రుచిగా తిన్నాను.

కానీ తెలుగులో రాశాను.

మా కాలంలో ఇక్కడ తెలుగు బడి ఉండేది. నా కొడుకు తమిళంలో చదివాడు, కోడలూ అంతే. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం, అక్షరం ఒక్కరికీ రాదు. నాకు తమిళం రాయడం రాదా అంటే వస్తుంది. రేషను కాగితాలూ పింఛను కాగితాలూ వీధిలో సగం మందికి నేనే నింపిపెడతాను. అలవాటు కొద్దీ తెలుగు వచ్చేసిందని కొడుక్కి చెప్పాను. అలవాటు కాదు. నిజం చెప్పిన పుణ్యం కావాలి, ఎవరికీ తెలియకూడదు. ఈ రెండూ ఒకేసారి దొరికే చోటు మా ఇంట్లో ఆ లిపి ఒక్కటే.

“ఏం రాసినావు మామా?” అని కోడలు కాగితం తిప్పి చూసింది.

“అంతా రాసినాను.”

పదో రోజుకూ కుక్క చావలేదు. దాని మూతికి గుడ్డ కట్టి లోడ్ ఆటోలో తిరువళ్ళూరు తీసుకుపోయాం. నేనూ కొడుకూ వెనక కూర్చున్నాం, కోడలు డ్రైవరు పక్కన. దారి పొడుగునా కుక్క తల నా పాదం మీద పెట్టి పడుకుంది. దేశంలో ఇంకెవరి పాదమూ దానికి దొరకనట్టు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. తమిళంలోనే మాట్లాడింది. ముందు కుక్క నోరూ చెవులూ చూసి, పిచ్చి లక్షణాలేమీ లేవంది. తర్వాత కాగితం తీసుకుని ఇటు తిప్పి అటు తిప్పి చూసింది.

“ఇదేం భాష?”

“తెలుగు,” అన్నాడు కొడుకు. “మాకు చదవడం రాదు మేడమ్.”

“అయితే మీరే చదవండి అయ్యా,” అని కాగితం నా చేతికిచ్చింది. “నేను రాసుకుంటాను.”

ఆ గదికి ఒకటే తలుపు. తలుపుకు ఆనుకుని కొడుకు నిలబడ్డాడు.

నేను వేలు పెట్టి, తమిళంలోకి మార్చి చదవడం మొదలుపెట్టాను. కేబుల్ వాడు తాగి వచ్చాడు, తన్నాడు, కుక్క కరిచింది. కాగితంలో అలా లేదు. నోటికి వచ్చింది. భక్తుడి చేతిలో కర్ర ఉంది. అదీ కాగితంలో లేదు. నా ఎదురుగానే నిజం నా అక్షరాల్లోనే ఉంది. దాని మీద వేలు పెట్టి అబద్ధం చదువుతున్నాను.

“మామా,” అంది కోడలు. ఆమె నా ముఖం చూడటం లేదు, వేలు చూస్తోంది. “నువ్వు చెప్పింది రెండు మాటలు. వేలు ఆరు వరుసలు పోయింది.”

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

“మొదటినుంచి చదువు నాయనా,” అన్నాడు కొడుకు.

చదివాను. బన్ను ముక్క సంగతి చదివాను. తాడు ఎందుకు పట్టుకున్నానో చదివాను. ‘దవడలు విప్పలేదు, అదే వదిలింది’ అన్న చోటికి వచ్చేసరికి కొడుకు తలుపు తీసుకుని బయటికి పోయాడు. తలుపు మూసుకోలేదు, సందులోంచి వాడి వీపు కనబడుతోంది.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. “తాడు వదిలిన వెంటనే వదిలిందా? కచ్చితంగా?” అని మాత్రం అడిగింది. తర్వాత బ్యాండేజి చుట్ట తీసి ఒక కొస బల్లకాలికి కట్టి, రెండో కొస తను పట్టుకుని చాచింది. కుక్క లేచింది. ఒళ్ళంతా బిగుసుకుంది, మూతికి గుడ్డ ఉన్నా గొంతులో గుర్రుమంది. ఆమె కొస వదిలేసింది. కుక్క కూర్చుంది. ఆమెను చూడలేదు. నా చెయ్యి చూసింది.

“టేపు,” అంది కోడలు మెల్లగా.

“కారణం లేకుండా కరిచే కుక్క అయితే నేను సూదే చెప్పి ఉండేదాన్ని,” అంది డాక్టరమ్మ. “ఇది పిచ్చిది కాదు, కోపిష్టిది కూడా కాదు. చెప్పిన పని చేస్తోంది. మాన్పించవచ్చేమో. మాన్పించలేకపోవచ్చు కూడా, ఏళ్ళ అలవాటు. రెండు నెలలు చూద్దాం. పిల్లలు ఆ గదిలోకి రాకూడదు. బయటికి తీస్తే మూతికి తొడుగు ఉండాలి. దారం నేలకు ఆనించి మొదలుపెట్టి, దాటినప్పుడు అది పడుకుని ఉంటేనే తిండి ఇవ్వాలి. రోజూ, విసుక్కోకుండా. రెండు నెలల తర్వాత నేనే వచ్చి చూస్తాను. మార్పు లేకపోతే ఇక సాగదీయొద్దు.” కాస్త ఆగి, “మీ వయసెంత అయ్యా?” అంది.

“ఎనభై.”

“డెబ్బై మూడు,” అన్నాడు కొడుకు బయటి నుంచి.

“మీరొక్కరే మాన్పిస్తే మీ ఒక్కరి ముందే మానుతుంది. దాటడానికి ఇంకో మనిషి కావాలి. ఇంట్లో ఎవరున్నారు?”

కొడుకు లోపలికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇంకో మనిషి సంగతి ఎత్తలేదు. “సూదా, ఇదా, నువ్వే చెప్పు నాయనా. చెల్లెలు రాదు, అది తెలుసు కదా నీకు. బిడ్డా రాదు. తెలిసే చెప్పు.”

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. సూది అనాలనిపించింది. కుక్క మీద జాలితో కాదు, మనవరాలి కోసమూ కాదు. అది పోతే నా చెయ్యి వైపు చూసే కళ్ళు పోతాయి. రెండు మూడేళ్ళు పోతే వీధి వాళ్ళకు నేను దవడలు విప్పిన కథే మిగులుతుంది. అంత దూరం ఆలోచించాను, ఆ కుక్క నా పాదం మీద కూర్చుని ఉండగానే.

“ఇదే,” అన్నాను. “మాన్పిస్తాను.”

“అయితే పొన్నేరికి నువ్వే పోయి చెప్పాల,” అన్నాడు కొడుకు. “నేను చెప్పను.”

ఆ ఆదివారం పోయాను. రైలు మారి పోవాలి. మారే చోట తిరిగి వచ్చేద్దామని రెండుసార్లు లేచాను. కూతురికి అంతా చెప్పాను. అది వింటూ వింటూ నా వేలి వైపు చూసింది. కట్టు ఎప్పుడో తీసేశాను. లేచిపోయి పళ్ళెంలో అన్నం పెట్టుకొచ్చి నా ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. బిడ్డ కాలు చాచుకుని నా పక్కనే కూర్చుని ఉంది.

“అంటే నువ్వు నేర్పినందుకే కరిచిందా తాతా?”

“అవును తల్లీ.”

తన పిక్క మీది మచ్చ తడుముకుంది. “అయితే సూది నీకు కదా వెయ్యాల.”

లోపలి నుంచి దాన్ని ఎవరూ గద్దించలేదు. నేను అన్నం తిని వచ్చేశాను. ఆ రోజు నుంచి కూతురు ఫోన్ చేస్తే కొడుకుతో మాట్లాడుతుంది. నేను బాగున్నానా అని వాణ్ణి అడుగుతుందట. ఈ ‘అట’ నేను కల్పించింది కాదు, వాడే చెప్పాడు.

ఇప్పుడు ఇది ఎనిమిదో వారం. డాక్టరమ్మ వచ్చే వారం వస్తుంది. పొద్దునా సాయంత్రం గదిలో దారం చాచి దాటుతున్నాను. మొదటి వారం దారం నేల మీద ఉన్నా అది దూకింది, మూతికి తొడుగుతో నా మోకాలికి కొట్టుకుంది. నేను కసరకూడదు, కొట్టకూడదు, నవ్వకూడదు. అది పడుకునేదాకా కదలకుండా నిలబడాలి. నిలబడి నిలబడి నా కాళ్ళు మొద్దుబారేవి. నాలుగో వారానికి జానెడు ఎత్తు దారాన్ని నేను దాటితే పడుకునే ఉంది. నేను దాటితే. నేను కాదు కదా లెక్క.

రెండో మనిషి కావాలని డాక్టరమ్మ అన్న మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అడిగే ముఖం నాకు లేదు. ఐదో వారం ఒకరోజు కోడలు మిషను ఆపి, కాళ్ళకు పాత గోనెపట్టా చుట్టుకుని, తలుపు తీసుకుని లోపలికి వచ్చింది.

“ఎంత ఎత్తు పెట్టినావు?” అంది.

“జానెడు.”

“నేలకు దించు. నాకు మొదటినుంచి కావాల.”

నేను దించాను. ఆమెకు కుక్క మీద ప్రేమ పొంగి వచ్చిందని రాయాలని ఉంది. ఆమె అన్నది ఇది: “నువ్వు పోయినాక ఇది నా చేతిలో పడుతుంది మామా. అప్పుడు ఎవర్ని కరిచినా నన్నే కదా అడిగేది.”

నిన్నటి సంగతి ముందు ఇలా రాశాను: కోడలు మోకాలెత్తు దారాన్ని పదిసార్లు దాటింది, కుక్క ఆవలించి పడుకుంది. రాసి కొట్టేశాను. నిన్న దారం జానెడు ఎత్తులోనే ఉంది. ఒక కొస కిటికీకి, ఒక కొస నా చేతిలో. ఆమె నాలుగుసార్లు దాటింది, కుక్క పడుకునే ఉంది. ఐదోసారి గ్రిల్ వైపుకు దాటేటప్పుడు ఆమె వెనక పాదం దారానికి తగిలింది. దారం వణికింది. కుక్క ముందు కాళ్ళ మీద లేచింది. తొడుగు లోపల పళ్ళు కనబడ్డాయి. దారం వదిలేస్తే అప్పటికి ఆగిపోతుంది, కానీ వదిలితే మళ్ళీ పాత ఆటే నేర్పినట్టు. నా వేళ్ళు వదలబోయాయి. ఆమె కదలకుండా నిలబడింది. నేను పట్టుకునే ఉన్నాను. ఎంతసేపో చెప్పలేను, చెబితే పెంచి చెబుతాను. కుక్క వెనక కాళ్ళు మాత్రం లేవలేదు. వణుకుతూ, నా చెయ్యి వైపు కాకుండా ఆమె పాదాల వైపు చూస్తూ, మెల్లగా దిగి గడ్డం నేలకు ఆనించింది.

ఆమె ఒక బన్ను ముక్క దాని ముందు పెట్టింది. తర్వాత చుట్టూ చూసుకుంది. ఆమె ఉన్నది వీధి గ్రిల్ వైపు, దానికి తాళం. మిషనూ, కుట్టాల్సిన బట్టలూ, పొయ్యి మీద పప్పూ ఇంటి వైపు.

“నేను లోపలికి పోవాలంటే ఇంగొకసారి దాటాల కదా మామా,” అంది.

“దారం తీసేయమంటావా?”

ఆమె కాసేపు కుక్కను చూసింది. “వద్దు, గట్టిగా పట్టుకో,” అని చీర కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుంది.